గడువుకు ముందే విడుదల

యావజ్జీవ శిక్ష అంటే పద్నాలుగేండ్లని మనలో చాలమంది అనుకుంటారు. పొరపాటు. బతికినంత కాలమని 1961లోనే సుప్రీంకోర్టు చెప్పివేసింది. పద్నాలుగు అనే అంకె 1978లో చట్టములో చేరినది. మరణశిక్షకు కూడ తగిన నేరములకు యావజ్జీవము పడినవారిని అన్ని ఏండ్లయినా నిండనిదే విడువరాదని. అయితే రాజ్యాంగము 161వ అధికరణము కింద గవర్నరుకు వున్న క్షమాధికారానికి ఈ అడ్డు లేదు. కనుకనే మా తమిళనాడులో 2008లో అణ్ణా శతజయంతికి ఏడేండ్ల లెక్కన 1,405 మంది బయటికి వచ్చారు. 2018లో ఎం.జి.ఆర్. శతజయంతికి పదేండ్ల లెక్కన మరి కొందరు.

ఆ రెండవ విడతలో మా రాయవేలూరులో మా వీధివారొకరు ఇల్లు చేరారు. పేరు వద్దు. పొలం గట్టు తగాదాలో ఒక మనిషి ప్రాణము పోయింది. అందుకు పన్నెండేండ్లు లోపల వున్నారు. ఇక ఆ యింట రోజూ పండుగే అనుకున్నాము.

పండుగ రెండు రోజులే. తెల్లవారుజామున లేచి ఆయన తలుపు ముందు నిలబడేవారట, ఎవరో వచ్చి తీయవలెనన్నట్లు. గొళ్లెము చేతికందే ఎత్తుననే వున్నది. ఇల్లాలు చూచి, ఏమీ అనక, తానే తీసి ముగ్గు వేయబోయేది. ఐదేండ్ల పిల్లగా విడిచిపోయిన కూతురు పదిహేడేండ్లది. "అమ్మ అన్నానికి రమ్మంటున్నది" అని గోడకు చెప్పినట్లు చెప్పి పోయేది. 'నాన్నా' అనడానికి ఆ పిల్లకు ఏడాది పట్టింది.

మేము కచేరీలో కాగితాలు కదిలించేవారము. జైలువారు, పోలీసువారు, ప్రొబేషను ఆఫీసరు, అందరి రిపోర్టులూ వస్తే గాని అట్టి ఫైలు కదలదు. ఒక సంతకము ఆగితే గుమాస్తాకు అది ఒక పెండింగు కాగితము. అక్కడ ఒక మనిషికి నెల రోజుల నిద్ర. తోటివాని పేరు జాబితాలో వుండి తన పేరు లేనప్పుడు సంతోషించవలెనో ఏడవవలెనో తెలిసేది కాదన్నారాయన.

ఒక సాయంత్రము అరుగు మీద కూర్చుని వున్నట్లుండి అన్నారు: "లోపలున్నన్నాళ్లూ రోజుకింత అని అప్పు తీరుస్తున్నాననే నిబ్బరం వుండేదండి. రాత్రి రామనామం చెప్పుకుంటే నిద్ర పట్టేది. మిగిలిన అప్పు సర్కారువారు కొట్టివేశారు. అప్పు సర్కారుకు కాదు గదండీ!"

శిక్ష తగ్గించినంత మాత్రాన తీర్పు చెరగదని చట్టము. అది చదవకుండానే ఆయన అక్కడికి చేరుకున్నారు.

చనిపోయినవాని తల్లి రెండు వీధుల అవతలనే వున్నది. విడుదల కబురు ఆమెకు ఎవరూ చెప్పలేదు. కూరగాయల బండి దగ్గర విన్నది. శనివారము ఆమె పెరుమాళ్ళ కోవెలకు వస్తుందని ఆయన శనివారాలు మానుకున్నారు. పిమ్మట కోవెలే మానుకున్నారు. ఇంట దీపము ముందు కూర్చున్నా నోట నామము రావడము లేదట. జైలులో వచ్చినది ఇంట రాకపోవడమేమి? మాకు తోచినది ఒకటే. అక్కడ ఆమె ఎదురుపడే భయము లేదు. పశ్చాత్తాపము ఒంటరిగా పడవచ్చును. రెండు వీధుల దూరములో పడడము వేరు.

ఉగాది పిలుపులలో ఆయన పేరు వద్దని మా సంఘములో కొందరన్నారు. చివరకు పిలిచాము. వచ్చి, పచ్చడి దొన్నె పుచ్చుకుని, పంచాంగశ్రవణము మొదలు కాకముందే వెళ్లిపోయారు. నిజము చెప్పవలెనంటే మేమూ ఆయన పక్క కుర్చీలో కూర్చోలేదు.

మొన్న ఆ తల్లి మా యింటావిడతో అన్నదట: "వాణ్ణి సర్కారు విడిచిందమ్మా, నన్నెవరూ అడగలేదు. వాడొచ్చి నా ఎదుట నిలబడితే ఏమంటానో నాకే తెలియదు. ఇన్నేండ్లయినా రాలేదే అని మాత్రం వుంది."

ఆ మాట ఆయనకు చేర్చాము. చాలసేపు పలకలేదు. తరువాత, "మీరు తోడు వస్తారా?" అన్నారు.

వచ్చే ఆదివారము పోదామనుకున్నాము. పండ్లు తీసుకుపోవచ్చునా అని ఇంట్లో అడిగితే, వద్దు, వట్టి చేతులతోనే వెళ్లండి అన్నది.