రక్తం ఎక్కిస్తే సరిపోదు, అది ఎక్కడికి పోతోందో చూడాలి



మీ తండాలోనో కాలనీలోనో ఇలాంటి అవ్వ ఒకరు ఉండే ఉంటారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, మొఖమంతా పాలిపోయి ఉంటుంది. ఆసుపత్రికి పోతే రక్తం తక్కువుందని ఎక్కిస్తారు. రెండు నెలలకు మళ్లీ అదే కథ. "వయసైపోయింది, సరిగా తినదు" అని మనమే సర్దిచెప్పుకుంటాం.

తిండి తక్కువన్నది నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. కానీ ఎక్కించిన రక్తం కూడా నిలవడం లేదంటే, అది లోపల ఎక్కడో కారిపోతోందేమో చూడాలి కదా?

కొందరికి కడుపు లోపలి పొరలో సన్నని రక్తనాళాలు ఉబ్బి చుక్క చుక్కగా కారుతుంటాయి. నొప్పి ఉండకపోవచ్చు, అందుకే తెలీదు. ఒక రకంలో ఎర్రటి చారలు పుచ్చకాయ మీది చారల్లా కనిపిస్తాయి. దాన్ని డాక్టర్లు 'వాటర్‌మెలన్ స్టమక్' అంటారు. లివర్ గట్టిపడినవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, పెద్ద వయసు వాళ్లకు ఇలాంటివి ఎక్కువ.

దీనికి కోత లేని వైద్యం ఉంది. నోటి గుండా ఎండోస్కోపీ గొట్టం పంపి, ఆర్గాన్ గ్యాస్ ద్వారా కరెంటు ఇచ్చి, కారే నాళాలను పైపైన మాడ్చి మూసేస్తారు. దీన్నే ఏపీసీ అంటారు. ఒక్కసారితో అయిపోదు, కొన్ని వారాల ఎడంతో రెండు మూడుసార్లు పోవాలి. జబ్బు మళ్లీ రావచ్చు కూడా. అయినా మాటిమాటికీ రక్తం కోసం పరుగెత్తే బాధ చాలామందికి తగ్గుతుంది.

చిక్కంతా ఆ 'రెండు మూడుసార్లు' దగ్గరే. గండికోట జలాశయం కోసం ఊళ్లే ఖాళీ చేసిన మండలం కొండాపురం. అక్కడి నుంచి ప్రొద్దుటూరుకో కడపకో పోవాలంటే అవ్వతోపాటు తోడు పోయినవాళ్ల కూలీ పోతుంది. కడప జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియా లేదు. ఏజెన్సీ పేరుతో వచ్చేవేవీ మన సుగాలి, ఎరుకల, యానాది ఇళ్లదాకా రావు. హైదరాబాద్ ఏఐజీ డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఎండోస్కోపీలో ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. విద్య తెలుగు నేల మీదే ఉంది, మన అవ్వ దాకా రావడమే మిగిలింది.

ఇది దయ కాదు, హక్కు. ప్రభుత్వ ఆసుపత్రిలో సకాలంలో వైద్యం అందకపోతే ఆర్టికల్ 21ని ఉల్లంఘించినట్టే అని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బుల్లేవనే సాకు చెల్లదని కూడా చెప్పింది.

కాబట్టి చదువుకున్న మనం చేయాల్సింది ఇది. దొడ్డికి తారులా నల్లగా వస్తోందా అని సిగ్గుపడకుండా అడగండి. ఐరన్ మాత్రలకూ నల్లగా వస్తుంది, అది డాక్టర్‌కు చెప్పండి, మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. నులిపురుగులు, అల్సర్, నొప్పి మాత్రల వల్ల కూడా రక్తం పోవచ్చు, అవీ చూడమనండి. రెండోసారి రక్తం ఎక్కిస్తుంటే "ఎండోస్కోపీ ఎప్పుడు చేస్తారు సార్?" అని అడగండి. జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ, ఏపీసీ ఏ రోజు ఎక్కడ చేస్తారో బోర్డు మీద రాయాలని, పేషెంటుకూ తోడు వచ్చినవాళ్లకూ దారి ఖర్చు ఇవ్వాలని అర్జీ పెడదాం. మీ ఊరి నుంచి ఎవరు సంతకం చేస్తారు?