ఈసారి ఇంకో జోకు

అల్ ముంతజాలో శుక్రవారం ఏ తెలుగింటికెళ్ళినా బిర్యానీ వాసన, టీవీలో కామెడీ మోత. 2013లో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలైనప్పటి నుంచీ చూస్తున్నా, మగాడికి చీర కడితే సగం జోకు అయిపోయినట్టే! నాకు మాత్రం ఆ నవ్వు రుచించదు.

ఆ షోలోనే ఆడవేషాలు వేసిన ప్రియాంక సింగ్, తర్వాత ట్రాన్స్ మహిళగా 2021లో తెలుగు 'బిగ్ బాస్' అయిదో సీజన్‌కి వచ్చారు. మనవాళ్ళే ఓట్లేసి 13వ వారం దాకా ఉంచారు. రోజూ వంటింట్లో, కబుర్లలో కనిపించే మనిషిని చూసి ఎన్నాళ్ళని నవ్వుతారు? (సినిమాల్లో అయితే 2018 నాటి 'అ!' ఇద్దరమ్మాయిల ప్రేమను వెకిలి లేకుండా చూపింది. అదో ఊరట.)

మన ఉగాది స్కిట్‌కి మళ్ళీ చీర, విగ్గు సిద్ధమట. హాల్లో పిల్లలూ ఉంటారు. ఆ నవ్వు వాళ్ళలో ఎవరికి గుచ్చుకుంటుందో మనకేం తెలుసు? రాసేదెవరో గానీ, ఇంకో జోకు వెతకండి బాబూ!