గృహనిర్మాణ పరిభాష ఎవరి సొత్తు?

ఇల్లు కట్టి చూడుమని పెద్దలు చెప్పిన సామెతకు ధనవ్యయమే యర్థమని మనవారి తలంపు. కాని నేటి గృహస్థునకు ధనముకంటె ముందుగా కొఱవడుచున్నది మాట. జన్మమంతయు కూడబెట్టిన సొమ్మును కట్టడమున పెట్టువాడు ఆ కట్టడములో నేభాగము నేమందురో యెఱుగడు. ఎఱుగనివాడు అడుగనేరడు, అడుగనేరనివాడు మోసపోక తప్పదు. కావున గృహనిర్మాణ పరిభాష పండితుల వినోదము గాదనియు, ప్రతికుటుంబముయొక్క ధనప్రాణములకు సంబంధించిన విషయమనియు మేము చెప్పదలచితిమి.

తెలుగున నిట్టి పరిభాషయే లేదని కొందఱు విద్యావంతులు నిస్సంకోచముగ పలుకుచున్నారు. ఇంతకంటె నసత్యము లేదు. పూరిపాకకు నిట్రాడు, పెంకుటింటికి దూలము, వాసము, చూరు. వీథివైపున అరుగు, లోపల మండువా, వసారా. గుమ్మమునకు ద్వారబంధము, గడప. నేలకు గచ్చు, గోడకు గానుగసున్నము. వీనిని కూర్చినవారు పండితులు గారు, పనివారు. అంకణమనగా దూలమునకును దూలమునకును నడిమి తావు. ఆ మాటయే నేటికిని కొన్ని జిల్లాలలో స్థలమును కొలుచు మానముగా వ్యవహారమున నున్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమివారి మాండలిక వృత్తిపదకోశమున వ్యవసాయపదముల సంపుటము భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడెను. తరువాత వాస్తుపదముల సంపుటమును బూదరాజు రాధాకృష్ణగారు కూర్చిరి. పనివారి నోట విని సేకరించిన యీ పదరాశి గ్రంథాలయములలో నుండగా మనకు మాటలు లేవనుట, గాదెలో ధాన్య ముంచుకొని యాకలియని యేడ్చుట వంటిది.

మేము పరభాషాపదములను వెలివేయుమని కోరువారము గాము. పునాదియు, కమానును పారసీకమునుండి వచ్చినవి. మేస్త్రి పోర్చుగీసువారి మాట. ఇవి లేక నేడు మన కిల్లు లేచునా? సిమెంటు, కాంక్రీటు, స్లాబు అనునవియు నట్లే పనివాని నోట నలిగి తెలుగైపోయినవి. వానిని తొలగింప నక్కఱలేదు. గీర్వాణాభిమానులు కొందఱు దూలమును కాదని 'భారవాహకదండము' వంటి మాటను కల్పింతురు. ఇంగ్లీషు తెలియని గృహస్థు దానిని వినినను తెల్లబోవును, మేస్త్రి నవ్వును. ఒక చీకటిని తొలగింప మఱియొక చీకటిని తెచ్చుట సంస్కారము గాదు.

ఇక నజ్ఞానమువలన కలుగు నష్టములను విచారింతము. పట్టణములలో బహుళగృహముల నమ్మువారు చిరకాలము 'సూపరు బిల్టప్ ఏరియా' యను మాటతో వర్తకము నడపిరి. మాటవరుసకు 1,500 చదరపుటడుగులని చెప్పి మూల్యము గొందురు. అందు మెట్లు, నడవలు, లిఫ్టు తావు మొదలగువానిలో కొన్నవాని వంతు చేరియుండును. తలుపు తీసి లోపల నడుగిడినవానికి దక్కు తావు వేఱు. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి చట్టము ఈ మాయను గుర్తించి 'కార్పెటు ఏరియా' యను దానికి నిర్వచన మేర్పఱచెను: ఇంటిలోపల నుపయోగింపదగు నేల, వెలిగోడలు, గొట్టములు మున్నగునవి పోవు సందులు, ఆ యింటికే చెందిన బాల్కనీ, వసారా, పైకప్పు లేని డాబా యిందు చేరవు, లోపలి యడ్డుగోడలు క్రింది నేల చేరును. చట్టము మేలే చేసినది. కాని యా నిర్వచనమును తన భాషలో నెఱుగని గృహస్థునకు దానివలన నేమి ఫలము? 'లోనేల' యని మూడక్షరముల మాటను ఒప్పందపత్రమున వ్రాసి, ప్రక్కనే దాని యర్థమును వ్రాసిన నెవ్వరికి కష్టము? అమ్మువానికి తప్ప మఱెవ్వరికిని గాదు!

ఆ చట్టమే, యిల్లు స్వాధీనమైన నాటినుండి 5 సంవత్సరముల లోపల కట్టడపు లోపమును తెలియజేసినచో నిర్మాత 30 దినములలో ఉచితముగ సరిచేయవలెనని విధించినది. తెలియజేయుట కైనను మాట కావలెను గదా! గోడ బీట వాఱినదా, చెమ్మ యెక్కినదా, పెచ్చు లూడినవా, నేల క్రుంగినదా? ఒక్కొక్కటి యొక్కొక్క రోగలక్షణము. మన పల్లెపడుచు యెఱిగిన యీ మాటలను విడిచి, చదువుకొన్న మనము 'ఏదో ప్రాబ్లము వచ్చిన'దని వ్రాసి యూరకుందుము. రోగమును చెప్పనేరనివానికి వైద్యుడేమి చేయును?

ఇంతకంటె ఘోరమైన దొకటి కలదు. స్లాబు వేసిన మఱునాడు మనవారు దానిని జూచి 'ఆఱిన'దందురు. ఈ యొక్క తప్పుమాటయే యెన్ని కప్పులను బలహీనము చేయుచున్నదో! కాంక్రీటు బట్టవలె నాఱి గట్టిపడునది గాదు. సిమెంటు నీటితో కలిసి మార్పు జెంది గట్టిపడును. నీరు ముందుగా నింకిపోయిన నా మార్పు నిలిచిపోవును, బలము తగ్గును. అందుచేతనే భారతీయ ప్రమాణసంస్థవారి 456వ ప్రమాణమున సాధారణ సిమెంటు కాంక్రీటును 7 దినములకు తక్కువ గాకుండ తడిగా నుంచవలెననియు, ఎండ తీవ్రముగ నుండి గాలి పొడిగా నున్నచోట 10 దినములకు తగ్గరాదనియు విధించిరి. మన వేసవులకు రెండవ విధియే వర్తించును. 'క్యూరింగు' అని మేస్త్రి చెప్పిన నది గృహిణికి వట్టి శబ్దము. 'నీట నాననిచ్చుట' యని కారణముతో చెప్పిన నామెయే పదిదినములు కాపలా కాచును. ఇల్లు గృహిణిదని సభలలో చెప్పుచు, కట్టునాడు మాత్ర మామెకు తెలియని భాషలో మాటలాడుట యేమి న్యాయము?

వాస్తువను మాటకు పట్టిన దుర్గతిని జూడుడు. నివసించుట యను ధాతువునుండి పుట్టినది యా పదము. మయమతాది గ్రంథములందు దిక్కులతోపాటు భూమిపరీక్షయు, మానములును, కొయ్యయు, ఱాయియు చర్చింపబడినవి. మనము తక్కిన యన్నిటిని విడిచి దిక్కుల భయమును మాత్రము నిలుపుకొంటిమి. ఈశాన్యమున గుమ్మము లేదని గోడను పగులగొట్టించు విద్యావంతుడు, అది మీది బరువును మోయు గోడయా, వట్టి యడ్డుగోడయా యని యడుగడు. ఈ రెండు మాటల భేదమే యింటిల్లిపాది ప్రాణములకు ఆధారము. మూల కలుగని యపాయమునకు జడిసి నిజమైన యపాయమును చేతులార తెచ్చుకొనుట వాస్తువా?

ప్రమాణగ్రంథములు ఇంగ్లీషున నున్నవి, ఇంజనీరులు ఇంగ్లీషున చదివిరి, కావున వేఱుమార్గము లేదని కొందఱందురు. కట్టించువాడు తెలుగువాడు, కట్టు మేస్త్రి తెలుగువాడు. ఇరువుర నడుమ నిరువురును చదువలేని కాగితమొకటి సాక్షిగా నిలుచుట యెవరి లాభమునకు? ఇంజనీరు తన లెక్కలను తనకు నచ్చిన భాషలో వేసికొనుగాక. గృహస్థుడు చేవ్రాలు చేయు పత్రమును మాత్రము గృహస్థుని భాషలో నుండవలెను.

మేము కోరునవి మూడు. క్రయపు టొప్పందములు తెలుగునను ఉండవలెను. వానియందు కొలతల మాటలకు అర్థము లుండవలెను. పనివారి మాటలు పారిశ్రామిక శిక్షణాలయముల పాఠ్యపుస్తకములలో ఇంగ్లీషు మాటల సరసన చేరవలెను. మూడవది పాఠకులారా, మీ చేతిలోనిదే. మీ యింటి పని జరుగుచోట నొక పూట నిలిచి, మేస్త్రిని ప్రతిభాగముపేరు నడుగుడు. అది యేల యచ్చట నున్నదో యడుగుడు. మన చదువు నేర్పని మాట యతనియొద్ద నున్నది. అడుగుటకు సిగ్గుపడకుడు, తెలియక చేవ్రాలు చేయుటకు సిగ్గుపడుడు.