మలుపును కోయకండి

పిల్లలూ! కొండ మీదికి వేసిన దారి పాములాగ మెలికలు తిరుగుతూ ఎందుకు పోతుందో ఎప్పుడైనా ఆలోచించారా? "నిటారుగా ఎక్కలేం గనక" అని మీరు వెంటనే అంటారు. నిజమే. కాని అది సగం జవాబు మాత్రమే. మిగిలిన సగం తెలియక నేనొక తప్పు చేశాను. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈమధ్య కొండదారుల్లో సైకిలు తొక్కే సరదా బాగా పెరిగింది. తారురోడ్డు వదిలి, కంకరా గ్రావెలూ పరిచిన అడవిదారుల్లో పోవడానికే ప్రత్యేకంగా తయారుచేసిన సైకిళ్ళను గ్రావెల్ సైకిళ్ళంటారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 2006లో మొదలైన 200 మైళ్ళ పందెం ఈ సరదాకు పేరు తెచ్చింది. 2022లో ఇటలీలో మొట్టమొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. మన తూర్పు కనుమల్లోనూ, విశాఖపట్నం నుంచి అనంతగిరి, అరకు వైపు సెలవు రోజుల్లో సైకిళ్ళ మీద పోయేవాళ్ళు కనిపిస్తారు.

ఇది నాకు ఎంతో ఇష్టమైన సంగతి. భౌతికశాస్త్రం నేర్చుకోవడానికి కొండదారిని మించిన ప్రయోగశాల లేదు. దానికి ఖరీదైన సైకిలు కూడా అక్కర్లేదు. మన తాతల నాటి నల్ల సైకిలు టైరు మీద 28 × 1½ అని రాసి ఉంటుంది. ఒకటిన్నర అంగుళమంటే సుమారు 40 మిల్లీమీటర్లు. నేటి గ్రావెల్ సైకిలు టైరు వెడల్పు కూడా చాలావరకు అంతే! వెడల్పాటి టైరులో గాలి కాస్త తగ్గించి నడిపితే, అది చిన్న రాయిని తనలో ఇముడ్చుకొని సాగిపోతుంది. గట్టిగా గాలి కొట్టిన సన్నని టైరయితే రాయి తగిలిన ప్రతిసారీ సైకిలునూ మిమ్మల్నీ కలిపి పైకి ఎత్తాలి. అట్లా ఎత్తిన ప్రతిసారీ మీ శక్తి వృథా అవుతుంది. అలాగని గాలి మరీ తగ్గిస్తే రిమ్ము రాయికి కొట్టుకొని ట్యూబు పంక్చరవుతుంది సుమా!

ఇక ఎక్కుడు. మీ సైకిలు ముందు చక్రం పళ్ళు 48, వెనక ఫ్రీవీలు పళ్ళు 16 అనుకోండి. పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. అంటే సుమారు 6.6 మీటర్లు పోతారు. గ్రావెల్ సైకిలులో ముందు 40 పళ్ళు, వెనక 40 పళ్ళు ఉండే గేరు వేసుకుంటే, ఒక చుట్టుకు పోయేది 2.2 మీటర్లే. కాళ్ళ మీద బరువు మూడో వంతుకు తగ్గుతుంది, తొక్కవలసిన చుట్లు మూడింతలవుతాయి. పని మాత్రం తగ్గదు. గేరు మార్చినంత మాత్రాన కొండ ఎత్తు తగ్గదు గదా!

సరిగ్గా ఈ పనే కొండదారి మలుపులు చేస్తాయి. ఒక మలుపుకూ, దాని పైమలుపుకూ మధ్య ఎత్తు 30 మీటర్లు, దారి పొడవు 600 మీటర్లు అనుకుందాం. ప్రతి 20 మీటర్లకు ఒక మీటరు ఎక్కుతాం. మీరూ సైకిలూ కలిసి 70 కిలోలుంటే, దారి వెంట మీరు మోయవలసింది మూడున్నర కిలోల బరువే. అవే రెండు మలుపుల మధ్య 90 మీటర్ల అడ్డదారి ఉందనుకోండి. ప్రతి 3 మీటర్లకు ఒక మీటరు ఎక్కాలి. బరువు 23 కిలోలు దాటుతుంది. మీరు పాఠంలో చదువుకున్న వాలుతలం ఇదే. అంటే కొండదారే ఒక పెద్ద యంత్రం.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

పాతికేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, పదిమంది పిల్లలను వెంటబెట్టుకొని అనంతగిరి కొండల్లోకి సైకిళ్ళ మీద వెళ్ళాను. దిగేటప్పుడు పొద్దు వాలుతున్నది. "మాస్టారూ, ఇట్లా అడ్డంగా దిగితే అరగంట కలిసివస్తుంది" అన్నాడొకడు. సరే అన్నాను. మలుపు మలుపు దగ్గరా దారి వదిలి, గడ్డిలోంచి, పొదల్లోంచి సైకిళ్ళను జార్చుకుంటూ దిగాము. అందరం కేరింతలు కొట్టాము.

మరుసటి ఏడు కార్తీకమాసంలో మళ్ళీ వెళ్ళాను. మేము దిగిన జాడలో గడ్డి లేదు. మోకాలి లోతు గండి పడి ఉన్నది. కింద ఉన్న దారి మీద రాళ్ళూ, ఎర్రమట్టీ మేట వేశాయి. సంతకు బరువు మోసుకుపోతున్న ఒక ముసలితాత ఆ రాళ్ళ మీద ఆచితూచి అడుగులు వేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. "నిరుడు మీ పిల్లలు దిగిన దారే ఇది మాస్టారూ. మీ వెనకాలే వాన కూడా దిగింది" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది.

పదకొండు సైకిళ్ళు అంత పని చేశాయా? లేదు. మేము గడ్డిని నలిపాము, మట్టిలో గాడి వేశాము. ఆ జాడ చూసి మరికొందరు దిగి ఉంటారు, మేకలు దిగి ఉంటాయి. మిగతా పని నీరు చేసింది. ఇదే నాకు అప్పుడు తెలియని సగం జవాబు. మెలికల దారి మన కాళ్ళకే కాదు, వాననీటి వేగానికి కూడా కళ్ళెం వేస్తుంది. నిటారు గాడి దొరికితే నీరు ఉరకలేస్తుంది. నీటి వేగం రెండింతలయితే అది దొర్లించగలిగే రాయి బరువు సిద్ధాంతరీత్యా 64 రెట్లవుతుంది. నమ్మలేకపోతున్నారా? రెండును ఆరుసార్లు వేసి హెచ్చించి చూడండి.

ఆ మట్టి ఎక్కడికి పోయింది? ఆ వాలు నీళ్ళు గోస్తని నదిలో కలుస్తాయి. బొర్రా గుహల గుండా ప్రవహించే నది ఇదే. దాని మీద 1960లలో కట్టిన తాటిపూడి జలాశయం విశాఖపట్నానికి తాగునీరు అందిస్తున్నది. మట్టి పేరుకున్న కొద్దీ జలాశయంలో నీటికి చోటు తగ్గుతుంది. అంటే పట్నం నుంచి సరదాకు వెళ్ళినవాడు కొండ మీద కోసిన మలుపు, ఆ పట్నం కుళాయిదాకా వస్తుందన్నమాట.

దిగేటప్పుడు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. 70 కిలోల బరువు 300 మీటర్లు దిగితే, 70 × 9.8 × 300, అంటే 2,05,800 జౌళ్ళ శక్తి బయటపడుతుంది. దానితో 700 మిల్లీలీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా వేడిచేయవచ్చు! చక్రం తిరుగుతుండగా బ్రేకు కొద్దికొద్దిగా వేస్తే ఆ శక్తి చాలావరకు బ్రేకు రబ్బరునూ రిమ్మునూ వేడెక్కించి గాలిలో కలిసిపోతుంది. ఒక్కసారిగా బిగిస్తే చక్రం ఆగి జారుతుంది, శక్తంతా రోడ్డును గీరడానికి ఖర్చవుతుంది. పైగా కంకర మీద ముందు చక్రం జారిందంటే హ్యాండిలు మన మాట వినదు. కనుక మలుపుకు ముందే, దారి తిన్నగా ఉన్నచోటే, రెండు బ్రేకులూ మెల్లగా వేసి వేగం తగ్గించుకోవాలి. ఇది మీ మోకాళ్ళకూ మంచిది, దారికీ మంచిది.

"అయితే అన్నిటికీ తారు వేసేస్తే సరిపోదా?" అని మీరడగవచ్చు. ఊళ్ళకు పోయే దారులకు వేయవలసిందే. రోగులను డోలీ కట్టి మోసుకువచ్చే పల్లెలు మన కొండల్లో ఇంకా ఉన్నాయి. మనకు సరదాగా ఉంటుందని వాళ్ళ దారి రాళ్ళదారిగానే ఉండాలని కోరడం అన్యాయం. మనకది ఆటదారి, వాళ్ళకది బతుకుదారి. నేను కోరేది ఒక్కటే. ఉన్న దారిలో పోదాం, కొత్త దారి కోయవద్దు. పెద్దవాళ్ళను తోడు తీసుకొని వెళ్ళండి. వాన వెలిసిన వెంటనే, దారి మెత్తగా ఉన్నప్పుడు వెళ్ళకండి. ఎదురుగా బరువు మోసుకు వచ్చేవాళ్ళుంటే దిగి పక్కన నిలబడండి.

నా మాట ఊరికే నమ్మనవసరం లేదు. బడి ఆవరణలో తడిమట్టితో మూడడుగుల గుట్ట చేయండి. ఒకవైపు వేలితో మెలికల గాడి, మరోవైపు నిటారు గాడి గీయండి. రెండింటి పైనుంచీ ఒక్కొక్క చెంబు నీళ్ళు ఒకేలాగ పోయండి. ఏ గాడి ఎంత లోతయిందో, కింద ఎంత మట్టి చేరిందో పుల్లతో కొలిచి మీ నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ కొలతలు చూశాక, అరగంట కలిసివస్తుందని ఎవరైనా అడ్డదారి చూపిస్తే ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది.