గోడ దూకిన కోచ్ మీద కోపమెందుకు?

2013 డిసెంబర్‌లో యాంగోన్‌లోని తువున్నా స్టేడియం దగ్గర మంటలు లేచాయి. సొంతగడ్డ మీద జరుగుతున్న ఆగ్నేయాసియా క్రీడలైన సీ గేమ్స్‌లో మయన్మార్ కుర్రాళ్లు ఇండోనేషియా చేతిలో 0-1తో ఓడి, సెమీస్ గడప కూడా తొక్కకుండానే ఇంటిదారి పట్టారు. కడుపు మండిన అభిమానులు రాళ్లు రువ్వారు, సీ గేమ్స్ సరంజామాకు నిప్పు పెట్టారు. కొరియా నుంచి వచ్చి 2011 నుంచీ ఆ దేశపు ఫుట్‌బాల్‌ను మోస్తున్న పార్క్ సుంగ్ హ్వా పదవి ఊడింది. కొత్త కోచ్ కోసం వెతుకులాట మొదలుపెట్టిన మయన్మార్ ఫెడరేషన్ 2014 ఆరంభంలో పట్టుకొచ్చిన మనిషి రాడోయ్‌కో అవ్రామోవిచ్. ఈ సెర్బియా పెద్దమనిషి అంతకుముందు తొమ్మిదేళ్లకు పైగా సింగపూర్ కోచ్. ఆగ్నేయాసియా చాంపియన్‌షిప్‌ను ఆ చిన్న ద్వీపానికి మూడుసార్లు గెలిపించినవాడు. మొదటి కప్పు దారిలో ఆయన తొక్కుకుంటూ వెళ్లింది మయన్మార్‌నే. 2004 డిసెంబర్ చివర్లో సెమీఫైనల్ తొలి ఆట 4-3, 2005 జనవరిలో రెండో ఆట అదనపు సమయంలో 4-2. ఆ రెండో ఆటలో మయన్మార్ వాళ్లు ముగ్గురు రెడ్ కార్డులు తిన్నారు. అంత చేదు మిగిల్చిన మనిషినే, మన తాతముత్తాతలు రంగం అని పిలుచుకున్న ఊరికి పిలిచి పగ్గాలు చేతికిచ్చారు.

ఇలాంటివి చూసినప్పుడల్లా అభిమానులు అడిగే ప్రశ్న ఒకటే: కోచ్‌లకు విశ్వాసం అంటూ ఉండదా? నా దృష్టిలో ఆ ప్రశ్నే తప్పు. ఎక్కడికి వెళ్లాడన్నది కోచ్ సొంత వ్యవహారం. ఎప్పుడు వెళ్లాడు, వెళ్లేముందు తన ఆటగాళ్లతో ఏం చెప్పాడు, వాళ్లను ఏ స్థితిలో వదిలాడు అన్నవి మాత్రం మనం నిలదీయాల్సిన సంగతులు. మనవాళ్లు వెంటనే పార్టీ ఫిరాయించిన ఎమ్మెల్యేను గుర్తుచేస్తారు. ఆ పోలిక నిలవదు. ఓటేసినవాడి చేతిలో ఒప్పందపత్రం ఉండదు, మోసపోతే పరిహారం రాదు. అందుకే 1985లో రాజ్యాంగాన్ని సవరించి పదో షెడ్యూల్ చేర్చాల్సి వచ్చింది. కోచ్‌కూ క్లబ్బుకూ మధ్య సంతకాలున్న కాగితం ఉంది, గడువుంది, గడువు లోపల తెంచుకుంటే ఎవరెంత కట్టాలో రాసి ఉంది. అవ్రామోవిచ్ సింగపూర్‌కు 2012 కప్పు గెలిచిపెట్టి సెలవు తీసుకున్నాడు. యాంగోన్‌కు వచ్చింది ఏడాది దాటాక. ఇందులో ద్రోహం ఎక్కడుంది?

నిజానికి ఆ ప్రాంతంలో కోచ్‌ల కుర్చీలాట చూస్తే తల తిరుగుతుంది. 2002 టైగర్ కప్ (ఆగ్నేయాసియా చాంపియన్‌షిప్‌కు అప్పటి పేరు) ఫైనల్లో థాయిలాండ్ బెంచీ మీద ఇంగ్లండ్‌కు చెందిన పీటర్ వితే, ఇండోనేషియా బెంచీ మీద బల్గేరియా నుంచి వచ్చిన ఇవాన్ కోలెవ్. రెండేళ్లు తిరిగేసరికి వితే ఇండోనేషియాకు, కోలెవ్ మయన్మార్‌కు మారారు. వీటన్నిటిలోకీ నన్ను ఆలోచనలో పడేసేది ఆస్ట్రియాకు చెందిన ఆల్ఫ్రెడ్ రీడ్ల్ కథ. వియత్నాం కోచ్‌గా ఉన్న రోజుల్లో ఆయన మూత్రపిండాలు పాడయ్యాయి. విషయం బయటికి రాగానే ఎందరో వియత్నామీలు తమ కిడ్నీ ఇస్తామని ముందుకొచ్చారు. 2007లో ఒక వియత్నామీ ఇచ్చిన కిడ్నీతోనే ఆయన బతికి బట్టకట్టాడు. అదే ఏడాది జూలైలో జట్టును ఆసియా కప్ క్వార్టర్ ఫైనల్స్‌కు చేర్చాడు. డిసెంబర్‌లో సీ గేమ్స్ కాంస్యం కోసం ఆడిన ఆటలో సింగపూర్ చేతిలో 0-5తో ఓడారు, రీడ్ల్ ఉద్యోగం పోయింది. తర్వాత ఆయన లావోస్ వెళ్లాడు, ఇండోనేషియా వెళ్లాడు. 2016లో ఇండోనేషియా కోచ్‌గా హనోయ్‌కు వచ్చి, వియత్నాంను ఆగ్నేయాసియా చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో రెండాటలు కలిపి 4-3తో ఇంటికి పంపాడు. ఒంట్లో ఆ దేశపు కిడ్నీ, ఒంటిమీద ప్రత్యర్థి జెర్సీ. ఆయన్ని విశ్వాసఘాతకుడు అనగలమా? కిడ్నీ ఇచ్చింది ఒక మనిషి, ఉద్యోగం తీసింది ఒక ఫెడరేషన్. రీడ్ల్ రుణపడింది ఆ మనిషికి. ఆ రుణం ఆట ఓడిపోయి తీర్చేది కాదు.

రహస్యాల సంగతో అంటారు కొందరు. నిన్నటిదాకా మన డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నవాడు రేపు ప్రత్యర్థికి మన గుట్టంతా చెప్పేయడా? కొంత చెబుతాడు. కానీ ఆ గుట్టు విలువ మనం ఊహించుకునేంత ఉండదు. 2014 నవంబర్‌లో అవ్రామోవిచ్ మయన్మార్‌ను వెంటేసుకుని సింగపూర్‌లోనే ఆడాడు. తాను ఏళ్ల తరబడి సాకిన జట్టు ఆనుపానులన్నీ తెలిసినవాడే, 2-4తో ఓడాడు. ఆటలో రహస్యం పెరుగు లాంటిది, రెండ్రోజులకే పులిసిపోతుంది. కోల్‌కతా వాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. 1975 ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ను 5-0తో చిత్తు చేసింది. దాని కోచ్ పీకే బెనర్జీ. 1976 సీజన్‌కు అదే పీకేను మోహన్ బగాన్ తెచ్చుకుంది, ఆ ఏడు లీగ్ గెలిచింది. మన హైదరాబాద్ హబీబ్ ఆ ఊళ్లోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. చివరిదాకా అతణ్ని బడే మియా అనే పిలిచారు. క్లబ్బుల మధ్య అంత పగ ఉన్న ఊరే మారినవాణ్ని భరించగలిగింది, ఎందుకంటే సీజన్ ముగిశాక మారడం అక్కడ అందరికీ తెలిసిన పద్ధతి.

అసలు చిక్కు పద్ధతి లేనిచోట వస్తుంది. దానికి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను మించిన పాఠం లేదు. అక్కడ ఆడేది విద్యార్థులు. కోచ్ వాళ్ల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రుల ఎదుట కూర్చుని, నాలుగేళ్లు మీ వాణ్ని నేను చూసుకుంటానని మాటిస్తాడు. కోచ్‌ల మాట ఎంతకాలం నిలుస్తుందో చూడండి. 2006 డిసెంబర్‌లో మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ జట్టు కోచ్ నిక్ సేబన్ తాను అలబామాకు వెళ్లేది లేదని విలేఖరుల ముందు తెగేసి చెప్పాడు. జనవరి 3న అలబామా కోచ్ అయ్యాడు. 2021 నవంబర్‌లో ఓక్లహామా కోచ్ లింకన్ రైలీ తాను లూసియానా స్టేట్‌కు పోవడం లేదన్నాడు. అది అక్షరాలా నిజమే, మర్నాడు పోయింది సదరన్ కాలిఫోర్నియాకు! అశ్వత్థామ హతః అన్న ధర్మరాజు కూడా ఇంత నున్నగా చెప్పలేదు. 2025 నవంబర్ 30న లేన్ కిఫిన్ చేసింది వీటన్నిటికంటే బరువైన పని. అతని ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) జట్టు 11 గెలిచి ఒక్కటే ఓడి, మొదటిసారి జాతీయ ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టబోతోంది. సరిగ్గా అప్పుడు, పక్క రాష్ట్రంలో ఉన్న పాత ప్రత్యర్థి లూసియానా స్టేట్ పిలిస్తే వెళ్లిపోయాడు. ప్లేఆఫ్స్ దాకా ఉంటానన్నాడు గానీ యూనివర్సిటీ కుదరదంది. కుర్రాళ్ల జీవితంలోకెల్లా పెద్ద ఆటలు డిఫెన్స్ చూసుకునే పీట్ గోల్డింగ్ చేతికి వెళ్లాయి.

ఇక్కడ నేను కిఫిన్‌ను వెనకేసుకురాను. కానీ ఆ తేదీని గమనించండి. కొత్త విద్యార్థులు తాము చేరే కాలేజీకి సంతకాలు పెట్టే గడువు ఆ డిసెంబర్ 3న మొదలైంది. అప్పటికి కోచ్ లేని యూనివర్సిటీకి మంచి కుర్రాళ్లు దక్కరు. కాబట్టి ప్రతి యూనివర్సిటీ నవంబర్‌లోనే, అంటే అందరి సీజన్ ఇంకా నడుస్తుండగానే, పక్కవాడి కోచ్ మీద వల వేస్తుంది. వల వేసినవాణ్ని ఎవరూ ఏమీ అనరు. చిక్కిన చేపను మాత్రం అందరూ తిడతారు. లూసియానా స్టేట్ 2021లోనూ ఇదే చేసింది. నోటర్ డామ్ ప్లేఆఫ్స్ ఆశలు ఇంకా సజీవంగా ఉండగానే దాని కోచ్ బ్రయన్ కెల్లీని లాక్కుంది. నాలుగో సీజన్ సగంలో, 2025 అక్టోబర్‌లో, అదే కెల్లీని పంపించేసి, ఒప్పందం ప్రకారం దాదాపు 5.4 కోట్ల డాలర్లు బాకీపడింది. కిఫిన్ గతం కూడా రెండువైపులా పదునే. 2010లో టెనెసీని ఒక్క సీజన్‌కే వదిలి సదరన్ కాలిఫోర్నియాకు వెళితే విద్యార్థులు వీధిలో పరుపులు తగలబెట్టారు. 2013లో ఆ సదరన్ కాలిఫోర్నియానే, ఓడిపోయి తెల్లవారుజామున విమానం దిగిన అతణ్ని ఎయిర్‌పోర్టులోనే ఉద్యోగంలోంచి తీసేసింది. విశ్వాసం గురించి ఉపన్యాసమిచ్చే అర్హత కోచ్, యూనివర్సిటీ ఈ ఇద్దరిలో ఎవరికుంది?

ఈ బేరంలో చేతులు కట్టేసినట్టు మిగిలింది విద్యార్థి ఒక్కడే. కోచ్ రాత్రికి రాత్రి వెళ్లిపోవచ్చు గానీ, ఆ కోచ్‌ను నమ్మి చేరిన కుర్రాడు కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న నిబంధన 2021 దాకా నడిచింది. దాన్ని సడలించినప్పుడు క్రమశిక్షణ పోయిందని గగ్గోలు పెట్టినవాళ్లలో కోచ్‌లే ఎక్కువ. నాకైతే ఆ సడలింపు, కోచ్‌ల చేత చేయించే ఏ ప్రమాణం కంటేనూ మేలు చేసిందనిపిస్తుంది. మాట తప్పినవాణ్ని ఆపలేకపోయినా, ఆ మాటకు కట్టుబడి ఉండాల్సిన పని రెండోవాడికి లేకుండా పోయింది. విలేఖరుల పాత్ర కూడా చెప్పుకోవాలి. ‘మీరు వెళ్తున్నారా’ అని సీజన్ మధ్యలో మైకు పెట్టి అడిగితే ఏ కోచ్ అయినా లేదనే అంటాడు. అవునంటే రేపు జట్టు మైదానంలోకి దిగదు. అబద్ధం తప్ప మరో జవాబుకు చోటివ్వని ప్రశ్న అడిగి, తర్వాత అబద్ధమాడాడని శీర్షిక పెట్టడం మా వృత్తిలో బాగా అలవాటైపోయింది.

రహీం సాబ్ మాటేమిటని హైదరాబాద్ పాఠకులు అడుగుతారు. అడగాల్సిందే. సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుంచి 1963లో క్యాన్సర్‌తో కన్నుమూసేదాకా సిటీ పోలీస్ జట్టును విడిచిపెట్టలేదు. వరసగా ఐదేళ్లు, 1950 నుంచి 1954 దాకా, రోవర్స్ కప్ ఆ జట్టుదే. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాలుగో స్థానం ఆయన శిక్షణలోనివే. కోల్‌కతా క్లబ్బులు మన బలరాం లాంటి ఆటగాళ్లను పట్టుకెళ్తుంటే ఆయన మాత్రం ఇక్కడే ఉండి మళ్లీ కొత్తవాళ్లను తయారుచేశాడు. అంతటి నిలకడకు చేతులెత్తి మొక్కాలి, సందేహం లేదు. అయితే ఆ నిలకడ గాల్లోంచి పుట్టలేదు. ఆయన బడిపంతులుగా మొదలైనవాడు, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన ఆటగాళ్లకు పోలీసు శాఖలో నెలజీతం ఉంది. ఓ ఆట ఓడితే తీసేసే యజమాని ఆయనకు లేడు. విశ్వాసం రెండువైపులా ఉన్నచోట అది ఎవరూ అడక్కుండానే వస్తుంది. పైగా ఒక్క మనిషి విశ్వాసం మీద కట్టిన ఇల్లు ఆ మనిషితోనే కూలుతుందని కూడా హైదరాబాదే చూపించింది. ఆయన పోయిన కొన్నేళ్లకు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. తెలుగు జట్టు ఏదీ మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో జరిగిన ఆ ట్రోఫీ ఫైనల్లో ఆడింది బెంగాల్, కేరళ.

దేశం జట్టు వేరు, దానికి విశ్వాసం ఉండి తీరాలనేవాళ్లకు యాంగోన్‌నే మళ్లీ చూపిస్తాను. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక కొందరు ఆటగాళ్లు జాతీయ జట్టు నుంచి పిలుపొచ్చినా వెళ్లలేదు. మే 28న జపాన్‌లో ఆట మొదలయ్యే ముందు, జాతీయ గీతం మోగుతుండగా రిజర్వ్ గోల్‌కీపర్ ప్యే ల్యాన్ ఆంగ్ సైన్యాన్ని ధిక్కరించే గుర్తుగా మూడు వేళ్లు ఎత్తి చూపాడు. జట్టు 0-10తో ఓడింది. అతను స్వదేశానికి వెళ్లే విమానం ఎక్కలేదు, జపాన్ శరణార్థిగా గుర్తించింది. జెర్సీకి విశ్వాసం, జనానికి విశ్వాసం రెండూ ఒకటి కాని రోజు వస్తే మనిషి దేన్ని ఎంచుకోవాలో ఏ ఫెడరేషన్ ఒప్పందపత్రంలోనూ రాసి ఉండదు. సొంత పౌరుడి నుంచే బలవంతంగా రాబట్టలేనిదాన్ని జీతానికి వచ్చిన విదేశీ కోచ్ నుంచి ఎలా ఆశిస్తాం?

అడగదగినవి చిన్నవి, కాగితం మీద పెట్టదగినవి. సీజన్ నడుస్తుండగా పక్క జట్టు కోచ్‌తో బేరం మాట్లాడితే పిలిచినవాడికే జరిమానా. వెళ్లదలచిన కోచ్ తన ఆటగాళ్లకు పత్రికలకంటే ముందు చెప్పాలి. కోచ్ మారితే ఆటగాడికీ మారే హక్కు. తీసేసే క్లబ్బు జీతం బాకీలు తీర్చాకే కొత్తవాణ్ని తెచ్చుకోవాలి. ఈ చివరిది అత్యాశ అనుకునేవాళ్లు హైదరాబాద్ ఎఫ్‌సీ చరిత్ర తిరగేయండి. మనోలో మార్కెజ్ 2022లో ఆ క్లబ్బుకు ఐఎస్ఎల్ టైటిల్ తెచ్చిపెట్టి, 2023లో సీజన్ ముగిశాక గోవాకు వెళ్లాడు. అభిమానులు నొచ్చుకున్నారు. ఆ తర్వాత జీతాలందక ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. 2025లో ఆ క్లబ్బే పేరు మార్చుకుని, మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి తరలిపోయింది.