ఇంటర్వెల్‌లో మా పొడి మాకు పెట్టండి

తెలుగు ఫిల్మ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్
ప్రదర్శకుల విభాగం పెద్దలకు,



టికెట్ ధరల గురించి, బెనిఫిట్ షోల గురించి, అద్దె పద్ధతి మంచిదా వాటా పద్ధతి మంచిదా అన్న తగవు గురించి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాస్తున్నది పాప్‌కార్న్ గురించి. దాని మీద ఏం చల్లుతున్నారు, ఎంత పోస్తున్నారు, ఎంతకు అమ్ముతున్నారు అన్నదాని గురించి. చిన్న విషయమని పక్కన పెట్టకండి. సినిమాకు వెళ్దామా వద్దా అని ఇంట్లో మాట వచ్చినప్పుడు టికెట్ ఖర్చు తర్వాత వేసుకునే లెక్క ఇదే. చాలా ఇళ్లలో ప్రయాణం ఆగిపోయేది కూడా ఈ లెక్క దగ్గరే.

ముందు మీ హక్కును ఒప్పుకుంటాను. 2023 జనవరి 3న సుప్రీంకోర్టు అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ పి.ఎస్. నరసింహల ధర్మాసనం బయటి తిండిని హాల్లోకి రానివ్వాలో వద్దో యాజమాన్యం ఇష్టమని తేల్చింది. జమ్మూ కశ్మీర్ హైకోర్టు అంతకుముందు ఇచ్చిన ఆదేశాన్ని కొట్టేసింది. దాంతోపాటే శుభ్రమైన మంచినీళ్లు ఉచితంగా అందుబాటులో ఉంచాలనీ, పసిపిల్లల కోసం తల్లిదండ్రులు తెచ్చుకునే ఆహారాన్ని అడ్డుకోకూడదనీ చెప్పింది. తీర్పులో మొదటి సగం అమలు కావడం ప్రతి గేటు దగ్గరా చూస్తున్నాం. రెండో సగం సంగతి చివర్లో రాస్తాను.

మా సంచిలోని జంతికలు గేటు దగ్గరే ఆగిపోయాక, లోపల మాకు తినడానికి దొరికేది మీరు పెట్టేదే. 'పుష్ప 2' సినిమా నిడివి 3 గంటల 20 నిమిషాలు. ప్రకటనలు, ఇంటర్వెల్ కలుపుకొని, ఇంటి నుంచి వెళ్లి తిరిగి వచ్చే సమయం కూడా చేర్చితే ఒక పూట భోజనం వేళ అందులోనే గడిచిపోతుంది. ఇంతసేపు ఒక కుటుంబాన్ని కూర్చోబెట్టే చోట పెట్టే తిండి మీద శ్రద్ధ ఉండాలి. రుచి మీద, కొలత మీద, ధర మీద కూడా.

రుచితో మొదలుపెడతాను. మా ఊళ్లో మల్టీప్లెక్స్ కౌంటర్ మీద ఉండేవి ఉప్పు, బటర్, చీజ్, క్యారమెల్, ఈమధ్య కొత్తగా పెరిపెరి. ఏ నగరానికి వెళ్లినా అవే. మిర్చి యార్డు ఉన్న గుంటూరుకు కూతవేటు దూరంలో కూర్చుని, ఆఫ్రికా మిరప పేరు పెట్టిన పొడిని ఎక్కడో ప్యాకెట్ కట్టించి తెచ్చి మా మీద చల్లుతున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. మనకు కందిపొడి ఉంది, పుట్నాల పొడి ఉంది, కరివేపాకు పొడి, నల్లకారం, వెల్లుల్లి కారం ఉన్నాయి. ఇడ్లీ మీద, దోసె మీద, వేడన్నంలో రోజూ తినే రుచులు. వాటికి పాప్‌కార్న్ మీద చోటు ఎందుకు లేదు?

ఇది వంటింట్లో చేసి చూసి రాస్తున్న మాట. పొడి నిలవదు, డబ్బా అడుగుకు జారిపోతుంది అని మీ క్యాంటీన్ వాళ్లు అంటారు. నిలుస్తుంది, చేసే తీరు తెలిస్తే. మొక్కజొన్న గింజ లోపల సుమారు 14 శాతం తేమ ఉంటుంది. వేడి 180 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఆ తేమ ఆవిరై, గట్టి పైపొరను చీల్చుకొస్తుంది. పేలిన గింజ తెల్లగా, గుల్లగా, పూర్తిగా పొడిగా ఉంటుంది. దాని మీద ఏ పొడి అయినా పట్టాలంటే పలచని జిడ్డు కావాలి. వెన్నలో ఆరో వంతు దాకా నీళ్లే ఉంటాయి. కరిగించి పోస్తే గింజ మెత్తబడి సాగుతుంది. నెయ్యిలో నీళ్లు దాదాపుగా ఉండవు కాబట్టి గింజ కరకరలాడుతూనే ఉంటుంది. గోరువెచ్చని నెయ్యి కొద్దిగా చిలకరించి, టబ్బు సగం నిండాక ఒకసారి, పూర్తిగా నిండాక ఇంకోసారి పొడి చల్లితే పైనుంచి అడుగు దాకా ఒకే రుచి ఉంటుంది. ఇప్పుడు మీరు అమ్మే టబ్బులో పై పిడికెడు ఉప్పటి ముద్ద, అడుగున చప్పటి గింజలు.

పొడి కూడా ఇడ్లీకి కొట్టినట్టు బరకగా ఉండకూడదు. మెత్తగా ఆడించి జల్లెడ పట్టాలి. చింతపండు వేసిన పొడి దీనికి పనికిరాదు, గాలి తగలగానే తేమ పీల్చి గడ్డ కడుతుంది. నువ్వుల పొడిలో నూనె ఎక్కువ, అదీ ముద్దవుతుంది. ఉత్తి కారం చల్లితే మూసిన ఏసీ హాల్లో పక్క సీటువాళ్లు దగ్గుతారు. అందుకే పుట్నాల పొడి అన్నిటికన్నా మేలు. వేయించిన శనగపప్పు పిండి కారం ఘాటును తనలో ఇముడ్చుకుంటుంది, నెయ్యికి అతుక్కుని గింజను వదలదు. వెల్లుల్లి వాసన అందరికీ నచ్చదు కాబట్టి వెల్లుల్లి లేని డబ్బా ఒకటి పక్కన ఉంచాలి. వేరుశనగ వేసిన పొడి ఏదైనా పెడితే ఆ మాట పెద్ద అక్షరాలతో రాయాలి, పడనివాళ్లు ఉంటారు.

మీ అమ్మకం అంతా ఇంటర్వెల్‌లో ఆ కాసేపట్లోనే జరగాలని నాకు తెలుసు. ఒక్కొక్కరినీ ఏ పొడి కావాలని అడుగుతూ కూర్చుంటే వరుస కదలదు. అమెరికాలో చాలా థియేటర్లలో కౌంటర్‌కు దూరంగా ఒక బల్ల వేసి, బటర్ పంపు, చల్లుకునే డబ్బాలు పెడతారు. కావలసినంత మనమే వేసుకోవచ్చు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సినిమా ప్రీమియర్లకు వెళ్లిన మన పిల్లలు ఈ పద్ధతి చూసే ఉంటారు. అలాంటి బల్ల ఇక్కడ వేసి, చిల్లుల మూత ఉన్న స్టీలు డబ్బాల్లో మన పొడులు పెడితే కౌంటర్ మీద భారం తగ్గుతుందే కానీ పెరగదు.

ఇక ఆ పసుపుపచ్చ ద్రవం. బోర్డు మీద బటర్ అని ఉంటుంది. చాలాచోట్ల అది రంగు, వాసన కలిపిన నూనె. నూనె వాడటం తప్పని నేను అనడం లేదు. బటర్ కానిదాన్ని బటర్ అని అమ్మడం తప్పు. పది, అంతకు మించి చోట్ల నడిచే ఆహార సంస్థలు మెనూలో కేలరీలు రాయాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి అమలు చేస్తోంది. ఇంతదూరం వచ్చాక, ఏ నూనెలో వేయించారు, పైన పోసింది నెయ్యా వెన్నా నూనెనా అన్న ఒక్క వాక్యం కౌంటర్ దగ్గర రాయించడం మీకు కష్టం కాదు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్న రోజులివి. ఉప్పు వేయని పాప్‌కార్న్ ఇవ్వమంటే, ముందే కలిపేశామండీ అనే జవాబు వినాల్సి రాకూడదు.

తీపి విషయంలో మన దగ్గర ఇంకా పెద్ద ఆస్తి ఉంది. తొలి ఏకాదశికి జొన్న పేలాలు విసిరి, బెల్లం, యాలకులు కలిపి పేలాల పిండి చేసుకునే ఇళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పేలిన గింజకు తీపి పట్టించడం మన పెద్దవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. పాప్‌కార్న్ గింజ పేలే తీరులో రెండు రకాలున్నాయి. రెక్కలు విచ్చుకున్నట్టుండేది ఒకటి, పుట్టగొడుగులా గుండ్రంగా వచ్చేది ఇంకొకటి. పాకం పట్టడానికి గుండ్రటిదే తగినది, చిట్లదు. దానికి క్యారమెల్ బదులు లేత బెల్లం పాకం, చిటికెడు శొంఠి, యాలకులు పట్టించి చూడండి. అనకాపల్లి బెల్లం మనకు దగ్గరే. జొన్న పేలాలు కూడా ఒక పొట్లం కట్టి పెట్టొచ్చు. చిరుధాన్యాల పరిశోధన సంస్థ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది, వాళ్లను సలహా అడగండి. జొన్న పేలాలు చిన్నవి, వెలుతురు లేని హాల్లో ఒళ్లో పడితే ఏరుకోవడం కష్టమే. అందుకే మూతి సన్నంగా ఉన్న పొట్లంలో ఇవ్వమంటున్నాను.

ధర దగ్గరికి వస్తున్నాను. టికెట్ డబ్బులో డిస్ట్రిబ్యూటర్‌కు వాటా పోతుంది, తిండి మీద వచ్చేది మాత్రం థియేటర్‌కే మిగులుతుందని, సినిమా ఆడని వారాల్లో మిమ్మల్ని నిలబెట్టేది అదేనని నాకు తెలుసు. కరెంటు బిల్లు, ఏసీ, జీతాలు ఎవరూ మాఫీ చేయరు. లాభం వేసుకోవద్దని ఎవరమూ అనం. కానీ పన్ను వల్లే ఈ ధర అని మాత్రం చెప్పకండి. థియేటర్లో విడిగా అమ్మే తిండికి 5 శాతం జీఎస్టీయే అని 2023 జూలైలోనే జీఎస్టీ మండలి తేల్చింది. 2024 డిసెంబరులో జైసల్మేర్ సమావేశం తర్వాత, ఉప్పు కారం కలిపిన పాప్‌కార్న్‌కు ఒక పన్ను, క్యారమెల్‌కు 18 శాతం అని దేశమంతా చర్చ జరిగింది. అప్పుడు కూడా హాల్లో విడిగా పోసిచ్చేదానికి 5 శాతమే. గింజ ఖరీదు టబ్బు ధరలో చిన్న ముక్క. పేలితే అది 40 రెట్ల దాకా పొంగుతుంది కాబట్టి టబ్బులో ఎక్కువభాగం గాలే.

నా అభ్యంతరం పెద్ద టబ్బు ధర మీద కన్నా చిన్న టబ్బు లేకపోవడం మీద. ఒక పిల్లవాడు తినగలిగినంత కొలత అడిగితే దొరకదు. ఉన్నవాటిలో చిన్నదానికీ పెద్దదానికీ ధరలో తేడా ఎంత తక్కువగా పెడతారంటే, ఎవరైనా పెద్దదే కొంటారు. సగం సీటు కింద పారేసి పోతారు. శుభం కార్డు పడ్డాక హాలు ఊడ్చే అక్కల చీపుళ్ల ముందు ఎంత తిండి పోగవుతుందో మీరు ఒకసారి నిలబడి చూడండి. తెలంగాణలో తూనికలు కొలతల శాఖ, 2018 ఆగస్టు నుంచి విడిగా అమ్మేవాటికి ధరతోపాటు బరువూ రాయాలని థియేటర్లకు చెప్పింది. 2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం హాళ్లలో తినుబండారాల ధరలను తనిఖీ చేయించింది. తనిఖీ వచ్చిన వారం బోర్డు కనిపించి, తర్వాత మాయమయ్యే పరిస్థితి మీకూ గౌరవం కాదు. ఒక చిన్న పొట్లం, దాని మీద గ్రాములు, మామూలు ఇంటివాళ్లు ఆలోచించకుండా కొనగలిగే ధర. ఈ మూడూ ఛాంబరే ఒక తీర్మానం చేసి పెడితే అధికారులు రావాల్సిన అవసరమే ఉండదు.

సింగిల్ స్క్రీన్ల వాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఈ మార్పు మొదలవ్వాల్సింది మీ దగ్గరే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా చూసినవాళ్లకు ఇంటర్వెల్ సమోసా రుచి గుర్తుంటుంది. మా కృష్ణా జిల్లా హాళ్లలో వేళ్లకు తొడుక్కుని తినే గొట్టాలు, గోలీ సోడా, పొట్లం కట్టిన బఠాణీలు ఉండేవి. అవి అదే ఊళ్లో ఎవరో ఒకరు ఇంట్లో చేసి తెచ్చినవి. క్యాంటీన్‌ను ఎక్కువ పాట పాడినవాడికి లీజుకిచ్చి, ఆ లీజు డబ్బు రాబట్టుకోవడానికి అతను ఎవరి దగ్గరో హోల్‌సేల్‌లో కొన్న మెత్తబడ్డ కవర్లు అమ్మే పద్ధతిలో ఆ రుచులన్నీ పోయాయి. లీజు కాగితంలోనే రెండు షరతులు చేర్చండి. పాప్‌కార్న్ అప్పటికప్పుడు పేల్చాలి. పొడులు ఆ ఊరి మహిళా సంఘాల దగ్గర, ఆహార భద్రత లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర కొనాలి. పొడులు కొట్టడంలో మన డ్వాక్రా మహిళలకు ఎవరూ నేర్పాల్సింది లేదు.

నీళ్ల సంగతి. ఉచితంగా మంచినీళ్లు ఉంచాలని కోర్టు చెప్పింది కదా. ఒక హాల్లో నీళ్లెక్కడ అని అడిగితే కౌంటర్ మీద సీసా చూపించారు. ఇంకోచోట టాయిలెట్ గోడకు ఆనుకుని ఒక కుళాయి, గ్లాసు లేదు. కారప్పొడి పెట్టమని అడుగుతున్నదాన్ని కాబట్టి నీళ్లు కూడా అడిగే హక్కు నాకుంది. కౌంటర్ పక్కనే, అందరికీ కనిపించే చోట, శుద్ధిచేసిన నీళ్ల కుళాయి, పేపరు గ్లాసులు ఉంచండి.

ఒకేసారి అన్నిచోట్లా చేయమనడం లేదు. విజయవాడలో ఒక హాలు, వరంగల్లో ఒకటి, విశాఖలో ఒకటి, ఒక చిన్న పట్నంలో ఒకటి తీసుకుని, సంక్రాంతి సినిమాల రద్దీ రాకముందే పెట్టి చూడండి. పొడి పాళ్ల కోసం వెతుక్కోవాల్సిన పనిలేదు, మా ఇంట్లో పాప్‌కార్న్ కోసం వాడే లెక్క రాస్తున్నాను. పుట్నాల పప్పు ఒక గ్లాసు, ఎండుమిరపకాయలు పది, జీలకర్ర ఒక చెంచా, కరివేపాకు రెండు గుప్పెళ్లు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, ఉప్పు తగినంత. కరివేపాకు, వెల్లుల్లి సన్నని సెగ మీద తడి పూర్తిగా ఆరేదాకా వేయించాలి, తడి మిగిలితే పొడి నిలవ ఉండదు. అన్నీ చల్లారాక మెత్తగా ఆడించి, రెండుసార్లు జల్లెడ పట్టండి. చిన్న పొట్లానికి ఒక చెంచా నెయ్యి, చెంచాన్నర పొడి సరిపోతుంది.

ఇట్లు,
మీ ప్రేక్షకురాలు,
విజయవాడ.