మౌస్ మీద చేయి పిల్లలదే ఉండాలె



నర్సంపేట చుట్టుపక్కల తండాల్లో, గూడేల్లో పిల్లలకు కంప్యూటర్ చెప్పే పనిలో ఉన్నవాళ్ళం మేము. మీ సిలబస్ ఏంది, ఎన్ని నెలల కోర్సు అని గ్రూపులో చాలామంది అడుగుతున్నరు. సిలబస్ కంటే ముందు మాకు ఒక నియమం ఉంది. చెప్పేవాళ్ళు మౌస్ ముట్టుకోవద్దు. పిల్ల తప్పు నొక్కినా, పది నిమిషాలు తడుముకున్నా మన చేయి అటు పోవద్దు.

వినడానికి చిన్న విషయమే. కానీ మనకు జరిగింది దీనికి పూర్తిగా ఉల్టా. మనలో చాలామంది చదివిన బళ్ళలో కంప్యూటర్ గదికి ఎప్పుడూ తాళమే. తీసిన రోజు కూడా సారు నొక్కుతుంటే మనం వెనుక నిలబడి చూసుడే. ముట్టుకుంటే పాడైతది అన్నదే మనం నేర్చుకున్న మొదటి పాఠం. ఇంట్లో మొదటిసారి బడికి పోయిన పిల్లకు ఆ భయం పట్టుకుంటే తొందరగా వదలదు. పాడైతే మా యాడి ఎక్కడి నుంచి తెచ్చి కడతది అనే ఆలోచనే తిరుగుతది.

అందుకే మొదటి రోజే పాత సీపీయూ ఒకటి ముందు పెట్టి, పిల్లలతోనే విప్పించి, పిల్లలతోనే బిగిస్తం. పొలం కాడ మోటరు విప్పుతుంటే పక్కన టార్చి పట్టుకొని నిలబడ్డ పిల్లలకు స్క్రూడ్రైవర్ కొత్తేం కాదు.

సేమూర్ పాపర్ట్ పేరు కొందరు వినే ఉంటరు. పిల్లల కోసం 1967లో లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేసిన వాళ్ళలో ఒకరు. బళ్ళలో కంప్యూటరే పిల్లలను నడిపిస్తున్నది, పిల్లలు కంప్యూటర్‌ను నడిపించాలె అని ఆయన 1980లోనే రాసిండు. ఇన్నేళ్ళయినా మన దగ్గర ఆ మాట కొత్తగనే వినిపిస్తది.

పాఠం కూడా ఇంటి నుంచే మొదలుపెడతం. టైపింగ్ కోసం ఇంగ్లీషు పేరా ఇవ్వం. అమ్మమ్మ చెప్పిన ముచ్చటను గోర్ బోలిలోనే, తెలుగు అక్షరాలతో కొట్టమంటం. ఎక్సెల్ కోసం ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మినప్పటి తక్‌పట్టీ తెమ్మంటం. బస్తాలు ఎన్ని, తూకం ఎంత, హమాలీ ఎంత, చేతికొచ్చింది ఎంత? ఈ లెక్క ఒక్కసారి గళ్ళల్లో పడితే ఫార్ములా ఎందుకో విడిగా చెప్పే పని ఉండదు. అయితే స్క్రీన్ మీద కనిపించే సేవ్, క్యాన్సిల్, సబ్మిట్ లాంటి మాటలను మాత్రం ఇంగ్లీషులోనే గుర్తుపట్టిస్తం. రేపు పరీక్ష హాల్లో అవే కనిపిస్తయి.

అందరి చేతిలో ఫోన్ ఉంది కదా, ఇంకా ఈ మౌస్ గొడవ ఎందుకు అని కొందరు అన్నలు అంటున్నరు. మేము ఒప్పుకోం. మన రాష్ట్రంలో ఎంసెట్ 2018 నుంచే కంప్యూటర్ మీద జరుగుతున్నది. ఇప్పుడు పేరు మారి ఎప్‌సెట్ అయింది. మూడు గంటలు, 160 ప్రశ్నలు. రీల్స్ జరిపే బొటనవేలు అక్కడ పనికిరాదు. మౌస్ పట్టుడు ఆ హాల్లోనే మొదటిసారి అయితే, చదివింది గుర్తున్నా టైం పోతది.

అంతకంటే పెద్ద దెబ్బ తర్వాత తగులుతది. డిగ్రీ సీటుకు దోస్త్, స్కాలర్‌షిప్‌కు ఈపాస్, రెండూ ఆన్‌లైనే. మన పిల్లలు నెట్ సెంటర్‌లో మెమోలు, ఆధార్ ఇచ్చి పక్కన నిలబడతరు. వెబ్ ఆప్షన్ల వరుస ఎవరో పెడతరు, ఓటీపీ ఎవరి నంబరుకో పోతది. ముందు పెట్టిన ఆప్షనే ముందు చూస్తరని తెలియక, అడగని ఊర్లో, అడగని కోర్సులో సీటు వచ్చిన చెల్లెళ్ళు మన తండాల్లోనే ఉన్నరు. వాళ్ళలో కొందరు ఆ కాలేజీకి పోనే లేదు. అక్కడ పోయింది ఒక ఏడాది కాదు, చదువే.

ఇదంతా బడి చూసుకోవాలె, గురుకులాల్లో ల్యాబులు తెరిచి ఉంచాలె, కంప్యూటర్ టీచర్ పోస్టులు నింపాలె. ఆ డిమాండ్ ఎట్లాగూ వదలం. కానీ ఈ ఎండాకాలం ఇంటర్ రాసిన పిల్లలు పోస్టులు నిండేదాకా ఆగలేరు.

కాబట్టి వరంగల్, హైదరాబాద్, ములుగు యూనివర్సిటీలో చదువుతూ సెలవులకు ఇంటికొచ్చే అన్నలు, అక్కలు మీ ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకోండి. దోస్త్ నోటిఫికేషన్ రాకముందే మీ తండాలో ఇంటర్ అయిన పిల్లలను కూర్చోబెట్టి, కావాల్సిన కాలేజీల వరుస ముందు కాగితం మీద రాయించండి. నంబరు వాళ్ళదో, ఇంట్లోవాళ్ళదో ఉండేటట్టు చూడండి. తర్వాత ఫారం వాళ్ళతోనే నింపించండి. గంట పట్టినా సరే, మీ చేయి మాత్రం పెట్టకండి.